పదకొండు గంటలకే తెలిసింది, సాయంత్రం దాకా చెప్పలేదు

ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్న ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్ద ఉత్తరం. ఊరి పేరు, మండలం, ఆమెను గుర్తుపట్టగలిగే సంగతులు అన్నీ తీసేసి, ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

ఆమె వయసు 41. పదిహేడేళ్ల సర్వీసు. 2024కు ముందు నాలుగు ఎన్నికల్లో ఓపీఓగా (ప్రిసైడింగ్ ఆఫీసర్ కింద పనిచేసే పోలింగ్ సిబ్బందిగా) చేశారు, ఏ ఇబ్బందీ రాలేదు. 2024 మే 13న జరిగిన లోక్‌సభ ఎన్నికలకు మొదటిసారి బూత్ మొత్తానికి బాధ్యుడైన ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా (పీఓగా) వేశారు. తెల్లవారుజామున 5:30కి మాక్ పోల్, అంటే యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసే ఉత్తుత్తి ఓటింగ్, మొదలుపెట్టాలి. అభ్యర్థుల ఏజెంట్లలో ఒక్కరే వచ్చారు, మిగతావాళ్ల కోసం పావుగంట ఆగారు. తీరా మొదలుపెడితే వీవీప్యాట్ (ఎవరికి ఓటు పడిందో స్లిప్ మీద చూపించే యంత్రం) ఎర్రర్ చూపించింది. కొన్ని బూత్‌లను చూసుకునే సెక్టార్ ఆఫీసర్ ఇంకోటి తెచ్చేసరికి 6:30 అయింది. హడావుడిగా 50 ఓట్లు వేయించారు, టోటల్ నొక్కితే 50 చూపించింది, స్లిప్పులు లెక్కపెడితే ఎవరికి వేసినవి వాళ్లకు సరిపోయాయి. అప్పటికి ఏడుకు అయిదు నిమిషాలు. బయట లైన్లో జనం అరుస్తున్నారు. "అయిపోయింది కదా మేడమ్, మొదలుపెట్టండి" అన్నారు ఏజెంట్లు. స్లిప్పుల వెనక ముద్ర వేసి నల్ల కవర్లో పెట్టి గులాబీ సీల్ వేశారు, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌కు సీళ్లు వేశారు, పోలింగ్ మొదలైంది. క్లోజ్, రిజల్ట్, క్లియర్ – ఈ మూడు బటన్లూ నొక్కలేదు. మాక్ పోల్ 50 ఓట్లు యంత్రంలోనే ఉండిపోయాయి.

ఇక్కడిదాకా ఆమె పై అధికారులకు తెలుసు, భర్తకు తెలుసు, స్కూల్లో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఇంకొకటి ఉంది. ఉదయం 11 గంటలకు పోలింగ్ శాతం చెప్పడానికి లెక్క చూసుకున్నారు. ఓటర్లు సంతకం పెట్టే 17ఏ రిజిస్టర్లో 214 మంది, యంత్రంలో 264. అప్పుడే అర్థమైపోయింది. "మేడమ్, నా కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. రిజిస్టర్ లెక్కే చెప్పేశాను. పన్నెండు గంటలకు సెక్టార్ ఆఫీసర్ వచ్చి అంతా ఓకేనా మేడమ్ అని అడిగారు. ఓకే సార్ అన్నాను" అని రాశారు. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం నింపే దాకా ఎవరితోనూ అనలేదు. అప్పుడు 612కు బదులు 662 చూపిస్తోందని ఫోన్ చేశారు, అప్పుడే చూసినట్టుగా.

యంత్రాలు అప్పజెప్పే రిసెప్షన్ సెంటర్లో రాత్రి రెండింటి దాకా కూర్చోబెట్టి రాతపూర్వకంగా తీసుకున్నారు. తర్వాత షోకాజ్ నోటీసు, సంజాయిషీ, చివరికి హెచ్చరికతో వదిలేశారు. జూన్ 4న కౌంటింగ్‌లో ఆమె బూత్ యంత్రాన్ని పక్కన పెట్టారని, గెలిచిన అభ్యర్థి మెజారిటీ లక్ష దాటడంతో దాన్ని లెక్కించలేదని తెలిసింది. పోలింగ్ రోజు, పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనను కొడుకు భుజం మీద మోసుకొచ్చి ఓటు వేయించాడట. పోతూ పోతూ ఆ పెద్దాయన "నా ఓటు పైలం బిడ్డా" అన్నాడట. ఆ మాట ఇప్పటికీ చెవిలో మోగుతోందని, వాషింగ్ మెషీన్ బీప్ అన్నా గుండె దడదడలాడుతోందని రాశారు.

ఇప్పుడు 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికలకు రెండో విడతలో మళ్లీ పీఓగా ఆర్డర్ వచ్చింది. తెలిసిన డాక్టర్ ఉన్నాడు, నడుము నొప్పి, మూడు వారాలు బెడ్ రెస్ట్ అని రాయిస్తాను, అంటున్నారు భర్త. ఆమె తప్పుకుంటే రిజర్వ్‌లో ఉన్న తోటి సైన్స్ టీచర్‌ని పిలిచే అవకాశం ఉంది, ఆ అమ్మాయికి పది నెలల పాప. హెడ్మాస్టర్ మాత్రం "ధైర్యం చేసి వెళ్లమ్మా" అంటున్నారు. "వెళ్లాలా, మానేయాలా? అసలు అబద్ధం చెప్పిన నేను ఆ కుర్చీలో కూర్చోవచ్చా?" ఇదీ ఆమె ప్రశ్న.

*

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనూ టీచర్‌గా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, బ్యాలెట్ పెట్టెల కాలం నుంచి వీవీప్యాట్ల కాలం దాకా ఎన్నో డ్యూటీలు చేశాను, అందుకే మీరు రాసిన ఆ 6:30 నుంచి ఏడు దాకా ఉన్న అరగంట నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. రాత్రంతా దోమలతో నిద్ర ఉండదు, కవర్ల మీద పేర్లు రాసి రాసి వేళ్లు లాగుతుంటాయి, ఆడవాళ్లకి స్నానానికి చోటు దొరకడమే గగనం, తెల్లారేసరికి ఒక ఏజెంట్ వచ్చి ఇంకొకరు రాక, యంత్రం మొరాయించి, బయట జనం. ఆ అరగంటలో మనిషి బుర్ర పనిచేయదు, చేతులు మాత్రమే పనిచేస్తాయి. చేతులకు అలవాటు లేని పని ఏదైతే ఉందో అదే జారిపోతుంది. నాలుగుసార్లు ఓపీఓగా చేసిన మీకు సిరా పూయడం, స్లిప్ రాయడం చేతికి వచ్చి ఉంటుంది గానీ, క్లోజ్-రిజల్ట్-క్లియర్ ఎప్పుడూ మీ చేత్తో నొక్కి ఉండరు.

తప్పు కాదని నేను అనను. అది తప్పే. ట్రైనింగ్‌లో సీఆర్‌సీ, సీఆర్‌సీ (క్లోజ్, రిజల్ట్, క్లియర్) అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది అందుకే. కానీ మీ ఉత్తరంలో రెండు వేరు వేరు సంగతులు ఒకే ముడిలో పడిపోయి ఉన్నాయి, ఆ ముడి విప్పకుండా వెళ్లాలా మానాలా అన్నది తేలదు.

ముందు ఓట్ల సంగతి చూద్దాం, మిమ్మల్ని ఎక్కువ కాల్చుతున్నది అదే కాబట్టి.

మాక్ పోల్ క్లియర్ చేయడం మర్చిపోయిన పీఓ మీరు మొదటివారు కాదు. ఇలా జరుగుతుందని తెలిసే ఎన్నికల కమిషన్ ఒక పద్ధతి పెట్టుకుంది. అలాంటి కంట్రోల్ యూనిట్‌ను కౌంటింగ్ రోజు పక్కన పెడతారు. మిగతా అన్ని బూత్‌లూ లెక్కించాక, గెలిచిన వారికీ రెండో స్థానంలో ఉన్నవారికీ మధ్య తేడా, పక్కన పెట్టిన బూత్‌లలో పడ్డ మొత్తం ఓట్ల కంటే ఎక్కువ ఉంటే ఇక వాటిని ముట్టుకోరు, ఎందుకంటే ఆ ఓట్లన్నీ ఒక్కరికే పడ్డాయనుకున్నా ఫలితం మారదు. తేడా అంతకంటే తక్కువైనా, సమానంగా ఉన్నా అప్పుడు వీవీప్యాట్ స్లిప్పులు లెక్కిస్తారు. మీరు ఆ రోజు చేసిన ఒక పనిని మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మాక్ పోల్ స్లిప్పులు తీసి, ముద్ర వేసి, నల్ల కవర్లో సీల్ చేశారు. అంటే ఆ వీవీప్యాట్ పెట్టెలో మిగిలినవి అసలు ఓట్ల స్లిప్పులు మాత్రమే, ఒక్క మాక్ స్లిప్పు కూడా కలవలేదు. అవసరం పడి ఉంటే 612 మంది ఓట్లూ ఉన్నవి ఉన్నట్టు బయటికి వచ్చేవి. కొడుకు భుజం మీద వచ్చిన ఆ పెద్దాయన తన స్లిప్పును ఏడు సెకన్లు చూసుకున్నాడు, అది పెట్టెలో పడింది, సీల్ కింద భద్రంగా ఉంది. పైలంగా ఉంచమన్నాడు, అది పైలంగానే ఉంది. అభ్యర్థి పేరు పక్కన వేసిన మొత్తంలో అది కలవలేదన్నది నిజం, ఆ బాధ మీకు ఉండటం న్యాయమే, దాన్ని పోగొట్టే మాట నా దగ్గర లేదు. కానీ మీరు రాసినట్టు "612 మంది ఓట్లు నేను మట్టిలో కలిపేశాను" అనడం మాత్రం నిజం కాదు.

ఇక పదకొండు గంటల సంగతి.

ఆ టైమ్‌కి చెప్పి ఉంటే ఏం జరిగేది? మీరు మనసులో ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నారో నేను ఊహించగలను. అప్పటికే 214 అసలు ఓట్లు అందులో ఉన్నాయి. క్లియర్ నొక్కితే అవి కూడా పోతాయి, కాబట్టి ఆ బటన్ ముట్టుకోవద్దనే ఎవరైనా చెప్పేవారు. విషయం నియోజకవర్గం ఎన్నిక చూసే రిటర్నింగ్ ఆఫీసర్ (ఆర్ఓ) దాకా వెళ్లేది, ఏం చేయాలో అక్కడి నుంచి వచ్చేది, పీఓ డైరీలో ఆ టైమ్ వేసి రాసేవారు. ఓటర్ల వైపు నుంచి చూస్తే పెద్దగా ఏమీ మారకపోయి ఉండవచ్చు. మీ వైపు నుంచి చూస్తే మాత్రం చాలా మారేది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆ గదిలో మీరు ఒంటరిగా మోసిన బరువు, ఏడాదిన్నరగా ఇంట్లో మోస్తున్న బరువు, రెండూ ఉండేవి కావు. షోకాజ్ వచ్చేదే, సంజాయిషీ రాసేవారే, కానీ అందులో ప్రతి వాక్యం నిజమై ఉండేది.

బటన్ మర్చిపోవడం హడావుడిలో జరిగింది. చెప్పకపోవడం భయంలో జరిగింది. మొదటిదానికి అందరూ మిమ్మల్ని అడిగారు, మందలించారు, నోటీసు ఇచ్చారు, అది ముగిసింది. రెండోదాని గురించి ఎవరూ అడగలేదు కాబట్టి ముగియలేదు. వాషింగ్ మెషీన్ బీప్ వినగానే మీకు గుర్తొచ్చేది బటన్ కాదనుకుంటాను. "ఓకే సార్" అన్న ఆ మాట అనుకుంటాను.

ఇది ఒప్పుకుంటే మీ భర్త చెప్పిన సర్టిఫికెట్ సంగతి ఇంకోలా కనిపిస్తుంది. ఆయన మీ మంచి కోరే చెప్పారు, మీరు నిద్రలేక నలిగిపోవడం చూడలేక చెప్పారు. కానీ లేని నడుము నొప్పి కాగితం ఇంకో "ఓకే సార్" అవుతుంది. ఒకదాన్నే మోయలేక నాకు ఉత్తరం రాశారు, రెండోదాన్ని ఎక్కడ పెట్టుకుంటారు? అది పట్టుబడే అవకాశమూ తక్కువేమీ కాదు. ఎన్నికలప్పుడు మెడికల్ కాగితాలు కుప్పలు తెప్పలుగా వస్తాయి, అందుకే అనుమానం వచ్చినవాటిని మెడికల్ బోర్డుకు పంపడం ఉంది. అక్కడ తేడా వస్తే శాఖాపరమైన చర్య వేరే. ఇంతకు ముందే ఒక హెచ్చరిక ఉన్న ఫైలు మీది, దాని పక్కన ఈ కాగితం కూడా చేరితే చూసేవాళ్లు రెండూ కలిపి చదువుతారు. పట్టుబడకపోయినా స్టాఫ్ రూమ్‌లో మూడు వారాలు నడుము పట్టుకుని నడవాలి, పది నెలల పాపను ఇంట్లో వదిలి ఆ అమ్మాయి చలిలో ఏదో ఊరి స్కూల్లో పడుకున్న రాత్రి మీరు మీ ఇంట్లో పడుకోవాలి. మీ స్వభావానికి ఆ రాత్రి డ్యూటీ కంటే కష్టంగా ఉంటుంది. ఇది నేను గట్టిగానే చెబుతున్నాను. మిగతా దారుల విషయంలో ఇంత గట్టిగా చెప్పను, అవి మీరే తూకం వేసుకోవాలి.

నిజం చెప్పి తప్పుకోవడం ఒక దారి. మీరు రాసిన లక్షణాలు నిద్ర పట్టకపోవడం, గుండె దడ, బీప్ వింటే వణుకు. ఇవి కల్పితం కావు కదా. ఆర్డర్ వచ్చిన దగ్గర్నుంచి అన్నం కూడా సయించడం లేదంటున్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వెంటనే వెళ్లలేకపోతే టెలీ మానస్ 14416 నంబర్ ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ పరిస్థితిలో డ్యూటీ వద్దని డాక్టర్ నిజంగా అనుకుంటే రాసిస్తారు, ఆ కాగితంతో మినహాయింపు అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. విరిగిన కాలుకు మినహాయింపు అడిగితే ఎవరూ ఏమీ అనరు, దీనికీ అనకూడదు. అంటారని తెలుసు, మన స్టాఫ్ రూమ్‌లు నాకు కొత్త కాదు. ఈ దారిలో ఉన్న చిక్కు కూడా చెప్పాలి. ఇస్తారన్న గ్యారంటీ లేదు, మానసిక కారణం అంటే చిన్నచూపు చూసే ఆఫీసర్ తగలవచ్చు, రిజర్వ్‌లో ఉన్న ఆ అమ్మాయికి డ్యూటీ పడవచ్చు. కానీ నిజమైన కారణంతో తప్పుకున్నప్పుడు ఆ బాధ్యత మీది కాదు. పది నెలల పాప ఉన్న తల్లి తన మినహాయింపు తను అడగాలి. పాలిచ్చే తల్లులను తప్పించమంటే సాధారణంగా వింటారు. వీలైతే ఆ మాట ఆమెకు మీరే ఇప్పుడే చెప్పండి, మీరు వెళ్లినా వెళ్లకపోయినా సరే. డ్యూటీ నెత్తిన పడ్డాక అడగడం కంటే ముందు అడగడం మేలు.

మధ్యలో ఇంకో దారి ఉంది, దాన్ని మీరు ఆలోచించినట్టు లేదు. పీఓగా కాకుండా ఓపీఓగా వేయమని అడగడం. ఎంపీడీఓ ఆఫీసులో ఎన్నికల పని చూసేవాళ్లకు ఒక పేజీ అర్జీ ఇవ్వండి. 2024లో ఇలా జరిగింది, ఇంకా ఆ ఒత్తిడి తగ్గలేదు, డ్యూటీకి నేను సిద్ధమే, పీఓ బాధ్యత మాత్రం ఈసారికి వద్దు అని. క్యాడర్‌ను బట్టి లిస్టులు ముందే తయారవుతాయి కాబట్టి "కుదరదమ్మా" అనొచ్చు. అయినా అడగడంలో పోయేదేమీ లేదు, పారిపోతున్నారన్న మాట కూడా రాదు. ఒకవేళ ఒప్పుకుంటే మీకు బరువు తగ్గుతుంది, ఆ గదిలో మళ్లీ కూర్చుని చూసినట్టు ఉంటుంది. కాకపోతే వచ్చే ఎన్నికలకు పీఓ ఆర్డర్ మళ్లీ వస్తుంది. మీకు ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసు ఉంది కదా, ఈ ప్రశ్న ఇంకోసారి తలుపు తడుతుంది, అప్పటికి మీరు గట్టిపడి ఉండవచ్చు, లేకపోవచ్చు కూడా.

ఇక వెళ్లడం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే భయంలో మీరు ఒక సంగతి గమనించనట్టుంది. ఇది పంచాయతీ ఎన్నిక. బ్యాలెట్ పేపర్‌తో జరుగుతుంది. కంట్రోల్ యూనిట్ లేదు, వీవీప్యాట్ లేదు, మాక్ పోల్ లేదు, క్లియర్ బటన్ లేదు. ఆ బీప్ శబ్దమే ఉండదమ్మా. ఏ పని తలచుకుని మీరు వణుకుతున్నారో ఆ పని ఈ డ్యూటీలో లేనే లేదు. ఒక పెట్టె ఉంటుంది. అది ఖాళీగా ఉందని ఏజెంట్లకు తిప్పి చూపించి, వాళ్ల ఎదురుగా సీల్ వేయాలి. మీకు వచ్చేది ఒక వార్డు, వందల్లోనే ఓటర్లు, లోక్‌సభ బూత్‌లో 612 మందిని చూసిన మీకు అది పెద్ద లెక్క కాదు. పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా పోలింగ్.

అలాగని ఇది తేలిక డ్యూటీ అని చెప్పి మిమ్మల్ని పంపించను. ఇందులో కష్టం వేరే చోట ఉంటుంది. లోక్‌సభ అభ్యర్థి ఎక్కడో ఉంటాడు, సర్పంచ్ అభ్యర్థి మాత్రం గుమ్మం బయటే ఉంటాడు, వాళ్ల బావమరిది ఏజెంట్‌గా మీ ఎదురుగా కూర్చుంటాడు. మధ్యాహ్నం రెండు గంటలకు కౌంటింగ్ మొదలవుతుంది, అదీ మీరే చేయాలి, నిద్రలేని రాత్రి మీద. వార్డు మెంబర్‌కు తెల్ల కాగితం, సర్పంచ్‌కు గులాబీ కాగితం, అన్నీ ఒకే పెట్టెలో పడి ఉంటాయి, ముందు విడదీయాలి, తర్వాత కట్టలు కట్టాలి. లక్ష మెజారిటీ ఉండదు ఇక్కడ. మూడు ఓట్లు, రెండు ఓట్లు, ఒక్కోసారి సమానమై డ్రా తీయడం. స్వస్తిక్ ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడిందనుకోండి, అది ఎవరిదని రెండు వర్గాలు మీ బల్ల మీదకు వంగుతాయి. లోక్‌సభ బూత్‌లో తప్పు జరిగితే ఏదో ఒక పద్ధతి కాపాడింది. ఇక్కడ ఒక్క బ్యాలెట్ వెనక మీ సంతకం మర్చిపోతే ఆ ఒక్క ఓటు మీదే గొడవ జరగవచ్చు. ఇది తెలిసి వెళ్లడం వేరు, తెలియక వెళ్లడం వేరు.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. పాత రోజుల్లో ఒక పంచాయతీ డ్యూటీలో కౌంటర్ ఫాయిల్స్ (బ్యాలెట్ చింపి ఇచ్చాక మన దగ్గర మిగిలే ముక్కలు) లెక్కకు పెట్టెలో దొరికిన కాగితాలు ఒకటి తక్కువ వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాం. చెమటలు పట్టాయి. ఎవరో ఓటరు కాగితం పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకుని వెళ్లి ఉంటాడు, అంతకన్నా ఏమీ లేదు. నాతో ఉన్న పెద్ద మాస్టారు, పేరు చెప్పను, ఆయన లేరిప్పుడు, "ఒకటి తక్కువ వచ్చింది, వచ్చిందని రాయమ్మా, లేని కాగితాన్ని ఎక్కడి నుంచి తెస్తావు" అన్నారు. బ్యాలెట్ అకౌంట్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను, ఏజెంట్లకు గట్టిగా చదివి వినిపించాను, రిటర్నింగ్ ఆఫీసర్‌కు అప్పటికప్పుడే చెప్పాను. ఆయన ఒక్క నిమిషం నా మొహం చూసి సంతకం పెట్టారు. అంతే, దాని మీద నాకు మళ్లీ ఒక్క కాగితం రాలేదు. అన్నిసార్లూ ఇలాగే జరుగుతుందని కాదు, ఒక్కోసారి చెప్పినందుకు తిట్లు పడతాయి. పడినా ఆ రోజుతో పోతాయి.

అందుకే వెళ్లాలని అనుకుంటే మీరు మీతో చేసుకోవాల్సిన ఒప్పందం ఒక్కటే అనుకుంటున్నాను. తప్పు జరగదని కాదు. తేడా కనిపించిన అయిదు నిమిషాల్లో చెప్పేస్తానని. జోనల్ ఆఫీసర్, రూట్ ఆఫీసర్, స్టేజ్-2 ఆర్ఓ (పోలింగ్, కౌంటింగ్ చూసే రిటర్నింగ్ ఆఫీసర్), ముగ్గురి నంబర్లూ కాగితం మీద రాసి బల్ల మీద పెట్టుకోండి, ఫోన్‌లో వెతుక్కోకుండా. మీ ఓపీఓలకు ముందు రాత్రే చెప్పండి, నేను మొదటిసారి ఒక పొరపాటు చేశాను, ఈసారి మీలో ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఓటర్లను ఒక్క నిమిషం ఆపైనా సరే నాకు చెప్పండి అని. ఇలా చెప్తే మీ పరువు తగ్గుతుందని అనుకోకండి. టీమ్‌లో కొత్త పిల్లలు ఉంటే వాళ్లకు ఎంత ధైర్యంగా ఉంటుందో. బ్యాలెట్ పేపర్ల వెనక సంతకాలు, బ్యాలెట్ అసలుదేనని గుర్తుపట్టే డిస్టింగ్విషింగ్ మార్క్ రాత్రే కొన్ని పూర్తి చేసి పెట్టుకోవచ్చో లేదో ట్రైనింగ్‌లో అడిగి తెలుసుకోండి. గంటకోసారి కౌంటర్ ఫాయిల్స్, మార్క్‌డ్ కాపీలో (మీ దగ్గరుండే ఓటర్ల జాబితాలో) టిక్కులు సరిచూసుకోండి. పొద్దున్నే ఎవరైనా "అయిపోయింది కదా మేడమ్, మొదలుపెట్టండి" అంటే, మీ చెక్ లిస్ట్ చేతిలో పట్టుకుని చివరి గీత దాకా వేలు పెట్టి చదివాకే లేవండి. ఏడు దాటి రెండు నిమిషాలైనా ఫరవాలేదు, ఎందుకు ఆలస్యమైందో డైరీలో రాసుకోవచ్చు.

ట్రైనింగ్‌లో అందరూ వెనక బెంచీల్లో కూర్చుంటారు, మీరు ముందు కూర్చోండి. పెట్టెను మీ చేత్తో ఒకసారి తెరిచి మూసి చూడండి. అడిగి మరీ చూడండి. ఆ రోజు మీకు దొరకనిది అదే కదా.

చివరిగా అడిగారు, అబద్ధం చెప్పిన నేను ఆ కుర్చీలో కూర్చోవచ్చా అని. ఇప్పుడు ఆ పదకొండు గంటల సంగతి అధికారులకు తిరిగి రాసి ఇవ్వాలా అన్నది కూడా ఈ ప్రశ్న వెనక ఉందనిపించింది. ఆ ఫైలు మూసేశారు, ఫలితం మీద దాని ప్రభావం లేదు. మీరు రాసిస్తే మనసు తేలికపడవచ్చు, మూసిన ఫైలు మళ్లీ తెరుచుకోవచ్చు కూడా, అది మీ ఉద్యోగానికి సంబంధించిన విషయం కాబట్టి రాసే ముందు మీ యూనియన్‌లో సర్వీస్ రూల్స్ తెలిసిన పెద్దవాళ్లను అడగండి. నా మనసులో మాట అడిగితే, రాయాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. ఎప్పుడైనా ఎవరైనా సూటిగా అడిగితే మాత్రం ఈసారి నిజం చెప్పండి. కుర్చీ విషయానికి వస్తే, మధ్యాహ్నం దాచారు, సాయంత్రం మీరే ఫోన్ చేశారు. 17సీలో 662ను 612గా దిద్దేసి ఊరుకోలేదు. ఆ ఫోన్ ఆలస్యంగా చేశారు, కానీ చేశారు. దాన్ని మీరు లెక్కలో వేసుకోవడం లేదు.

అధికారులకు చెప్పినా చెప్పకపోయినా ఒకరికి మాత్రం చెప్పండి, మీ భర్తకు. ఈ పని ముందు చేయండి, డ్యూటీ నిర్ణయం తర్వాత. పాపం ఆయన, మీరు ఒక బటన్ మర్చిపోయినందుకు ఇంత భయపడుతున్నారనుకుని సర్టిఫికెట్ అంటున్నారు. అసలు ఏం మోస్తున్నారో తెలియకుండా సలహా ఇస్తే అలాగే ఉంటుంది. పిల్లలు పడుకున్నాక చెప్పండి. ఏమంటారోనని అనిపిస్తుంది. బహుశా కాసేపు మాట్లాడరు, ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని కోపం రావచ్చు, ఆ కోపం న్యాయమైనదే, భరించండి. ఆ తర్వాత ఆయనే మీతో డాక్టర్ దగ్గరికో, ఎంపీడీఓ ఆఫీసుకో, డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌కో వస్తారు. ఎక్కడికన్నది మీరిద్దరూ కలిసి అనుకోండి.

ఒకవేళ డ్యూటీకే వెళ్తున్నారనుకోండి, రాత్రి పెట్టె అప్పజెప్పాక ఇంటికి ఎలా వస్తారో ముందే ఏర్పాటు చేసుకోండి. అక్కడి నుంచి ఆడవాళ్లకు బండ్లు దొరక్క తెల్లవారే దాకా కూర్చున్న రోజులు నాకు తెలుసు. ఆయన్ని బండి తీసుకుని రమ్మనండి. ఇంకోటి, డిసెంబర్ చలి. స్కూల్ గచ్చు మీద చాప ఒక్కటీ చాలదు, మందపాటి బొంత తీసుకెళ్లండి.